చాపకూడు వంటయింటికి రావలయును

ఇంటి భోజనమును మెచ్చుకొననివారు మన దేశమున లేరు. సభావేదికలపైనను, పెండ్లిపందిళ్లలోను, వైద్యుల వసారాలలోను అందఱును ఏకకంఠముగా పలుకు హితము ఒక్కటే: ఇంట వండుకొని తినుడు, ఆరోగ్యముగా నుండుడు. హితము మంచిదే, దానిని కాదనువారము మేము కాము. కాని ఆ వాక్యమున క్రియ యున్నదిగాని కర్త కానరాడు. వండవలసినవారెవరు? ఏ గడియలో వండవలయును? ఇంటిల్లిపాదియు పనికి పోవు కుటుంబమున పొయ్యి యెవరి చేతిమీదుగా రగులవలయును? ఈ ప్రశ్నలకు ప్రత్యుత్తరము చెప్పక హితమును మాత్రము వల్లించుట, ఏటిలో మునుగుచున్నవానికి గట్టుపై నిలిచి ధైర్యము చెప్పుట వంటిది.

ఈ విషయమున మా కన్నులు తెఱచినది మా గృహమే యని చెప్పుటకు సిగ్గుపడము. మూడేండ్ల క్రిందట మా రక్తమున చక్కెర యధికమైనదని వైద్యుడొకరు తేల్చిరి. మేమెదుట కూర్చుండియే యుంటిమి. అయినను వారు మావంక చూడక, మా ప్రక్కనున్న మా యింటివారివైపు తిరిగి, అన్నము తగ్గింపవలెననియు, కూరలు పెంచవలెననియు, నూనె కొలిచి పోయవలెననియు సవిస్తరముగా బోధించిరి. బయటికి వచ్చిన పిమ్మట ఆమె యొక్కమాట యన్నది: “జబ్బేమో మీకు వచ్చింది, పథ్యం రాసింది మాత్రం నాకు!” ఇరువది యేండ్లుగా పత్రికలలో సమత్వమును గూర్చి వ్రాయుచున్న మాకు ఆ మాటకు బదులు దొరకలేదు. ఈ వ్యాసము ఆనాడు చెప్పలేకపోయిన బదులే.

ఇది మా యింటి ముచ్చట మాత్రమే కాదని మాచర్ల ప్రాంతమున సంచరించినప్పుడు మాకు రూఢి యయ్యెను. మిరపకోతల దినములలో అచట తెల్లవాఱకమున్నే ఆటోలు కూలిజనముతో నిండి పల్లెలకు బయలుదేరును. అందు కూర్చున్నవారిలో ఎక్కువమంది స్త్రీలే. ఆ బండి యందుకొనవలెనన్న ఇల్లాలు ఇంకను గంట, గంటన్నర ముందు లేచి, పొయ్యి వెలిగించి, పిల్లలకు, పెద్దలకు వండి, తన క్యారియరును కట్టుకొనవలయును. పట్టణమున బడులలో, ఆసుపత్రులలో, దుకాణములలో పనిచేయు స్త్రీల స్థితియు వేఱు కాదు. కోత లేనంత మాత్రమున వారికి తెల్లవాఱుజాము తప్పుట లేదు. సాయంకాలము ఇరువురును అలసి యిల్లు చేరుదురు. పురుషుడు మంచముపై నడుము వాల్చును. స్త్రీ మరల పొయ్యి కడకు పోవును. ఆమెకును ఒడలు వంగని దినమున బండిమీది బజ్జీలో, నూనెలో వేయించిన సేమ్యావంటి నూడిల్సో, అయిదు రూపాయల చిప్సు పొట్లమో పిల్లల చేతికి వచ్చును. దానిని చూచి, “ఈ కాలపు ఆడువారికి వండుటకు ఓపిక లేదు” అని అరుగుమీది పెద్దలు నిందింతురు. ఇంతకన్న అన్యాయమైన తీర్పు మఱియొకటి లేదు.

నింద యెవరిదైనను నష్టము అందఱిది. 2023లో ప్రకటితమైన భారత వైద్య పరిశోధనా మండలివారి పరిశీలన ప్రకారము దేశమున పది కోట్ల పది లక్షలమంది మధుమేహపీడితులు. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య పరిశీలనలో, 15 మొదలు 49 ఏండ్ల వయస్సుగల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. అనగా ఒకే యింట, ఒకే కుండనుండి తినుచున్నవారిలో ఒకరికి చక్కెర యెక్కువ, మఱియొకరికి నెత్తురు తక్కువ. ఇందు కుండ దోషమెంత, వడ్డన దోషమెంత అని విచారింపవలసియున్నది.

మొదట కుండ మాట చెప్పుదము. పల్నాటి కూడనగానే తెలుగువారికి గుర్తువచ్చునది శ్రీనాథుని పేర ప్రచారమున నున్న చాటువు. రాజాస్థానములలో సన్నన్నమునకు అలవాటుపడిన ఆ మహాకవి, ఈ సీమలో ఎచట చూచినను జొన్నయే గాని వరియన్నము లేదని నొచ్చుకొనెను. ఆ పద్యమును చెప్పుకొని తక్కిన సీమలవారు నవ్వుట, పల్నాటివారు తలవంచుకొనుట చిరకాలముగా జరుగుచున్నదే. 1967 ఆగష్టు 4వ తేదీన నాగార్జునసాగరము కాలువలకు నీరు వదలబడెను. కుడికాలువ క్రింద పల్నాటి మెట్టలో కొంతభాగము మాగాణి యయ్యెను. కాలువ యెక్కని నేలలో జొన్నకు బదులు మిరప, ప్రత్తి వచ్చెను. 1983లో రెండు రూపాయలకు కిలోబియ్యము పథకముతో పేదయింటికిని తెల్లన్నము చేరెను. శ్రీనాథుని కొఱత తీరెను. దీనిని మేము తప్పు పట్టము. ఏటికొకమాఱు పండుగనాడు మాత్రమే వరియన్నమెఱిగిన కుటుంబమునకు అది గౌరవచిహ్నమైనది. ఆకలిని గెలిచిన బియ్యమును ఆక్షేపించువాడు ఆకలి నెఱుగనివాడు.

కాని ఆకలి తీరిన పిమ్మట ఆరోగ్యము మాట వచ్చును. నూఱు గ్రాముల పాలిషు బియ్యములో పీచు మూడు గ్రాములకు లోపు, మాంసకృత్తులు ఎనిమిది గ్రాములు. అంతే జొన్నలో పీచు పది గ్రాములు, మాంసకృత్తులును ఇంచుమించు పది గ్రాములు. ఇనుము జొన్నలో నాలుగు మిల్లిగ్రాములకు చేరువ. బియ్యములో ఒక మిల్లిగ్రామునకు తక్కువ. మరలో తవుడు పోగొట్టుకొన్న బియ్యము తెల్లబడిన కొలది బలము తగ్గునని కొత్తగా కనుగొన్న సంగతి కాదు. జావా ద్వీపమున పాలిషు బియ్యము తిన్న కోళ్లకు కాళ్లు పడిపోవుట గమనించిన ఎయిక్మన్ పండితునికి 1929లో నోబెల్ బహుమానము లభించెను. మహాత్ముడు 1934లో అఖిల భారత గ్రామపరిశ్రమల సంఘమును నెలకొల్పినప్పుడు దంపుడుబియ్యమును దాని కార్యక్రమమున ముందు నిలిపెను. తెల్లదనమును నాణ్యమని భ్రమించుట మన పాతరోగము.

అట్లని పూర్వకాలమును ఆకాశమునకెత్తుటకును మేము సిద్ధముగా లేము. జొన్నయొక్కటే తిని బ్రతికిన దక్కను పేదలలో, ఎండ తగిలినచోట చర్మము నల్లబడి పగులు పెల్లాగ్రా యను వ్యాధి కనబడుచుండెను. హైదరాబాదులో ఆచార్య గోపాలన్ ప్రభృతులు 1960 ప్రాంతమున దీని కారణమును పరిశోధించి, జొన్నలోని లూసిన్ అను అంశముతో దానికి సంబంధము చూపిరి. కనుక శ్రీనాథుని విసుగు కేవలము నాలుక విసుగే కాదేమో! ధాన్యమేదైనను ఒంటరిగా తిన్నచో కొఱతయే. జొన్నకు పప్పు తోడు కావలయును. పప్పునకు ఆకుకూర తోడు కావలయును. అన్నింటికిని చివర చల్ల కావలయును. ఈ నాలుగును కలిసినప్పుడే అది పల్నాటి భోజనము. చల్ల మాట వచ్చినది గనుక చెప్పుచున్నాము. 1921లో ఈ సీమ రైతులు పుల్లరి పన్నునెదిరించి సాగించిన అడవి సత్యాగ్రహము, ఆ పోరాటమున కన్నెగంటి హనుమంతు చేసిన ప్రాణార్పణము చరిత్రకెక్కినవి. ఆ పోరాటము పశువుల మేత కొఱకు. పశువునకు మేతయున్నగదా ఇంట కవ్వమాడుట! అంతటి వెలయిచ్చి నిలుపుకొన్న చల్లను నేడు సీసాలలోని రంగునీటికి మార్చుకొనుట మనకు తగునా?

ఇక కాలము మాట. జొన్న వండుట కష్టమనియు, తీరిక లేదనియు అందఱు చెప్పుదురు. నలుబది రకముల పిండివంటలతో పోల్చిన కష్టమే కాని, ఏర్పాటు తెలిసిన దీనికంటె సులభమైన వంట లేదు. రాత్రి పడుకొనబోవు ముందు జొన్నపిండిని నీటిలో కలిపి మూతపెట్టియుంచిన తెల్లవాఱునప్పటికి పులియును. ఉదయమున దానిని మరుగునీటిలో పోసి, ఉండకట్టకుండ కలియబెట్టుచు పది నిమిషములు ఉడికించి, చల్లారిన పిమ్మట చల్లయు, ఉప్పును, ఉల్లిపాయ ముక్కలును చేర్చిన అంబలి సిద్ధము. పులియుటవలన ధాన్యమునందలి ఇనుము ఒంటికి మఱింత సులువుగా పట్టును. ఇది పొలమునకు పోవువానికిని, బడికి పోవు బిడ్డకును సరిపోవు ఉదయాహారము.

మధ్యాహ్న భోజనమునకు రాత్రియే నానవేసిన జొన్నరవ్వను మూడు నాలుగు పాళ్ల నీటితో కుక్కరు అడుగుగిన్నెలో నుంచి, పైగిన్నెలో కందిపప్పును, అందులోనే గోంగూరనో, తోటకూరనో, వేసవిలో చింతచిగురునో వేసి యొక్కసారి పొయ్యిపై నెక్కించిన అరగంటలో రెండును దిగును. పప్పునకు తిరుగమూత ఒక చెంచా నూనెతో చాలును. పులుపులేని ఆకుకూర యైనచో దింపిన పిమ్మట నిమ్మకాయ పిండవలయును. ఆకులోని ఇనుము దేహమునకు పట్టుటకు నిమ్మరసము తోడ్పడును. భోజనము వెంటనే టీ త్రాగుట దానికి అడ్డు. గంటసేపు తాళుట మేలు. ఆదివారమునాడొక గంట వెచ్చించి కందిపొడియు నువ్వులపొడియు కొట్టియుంచుకొన్న, కూర లేని పూట బజారు త్రోవ పట్టవలసిన పని లేదు. కోడిగ్రుడ్డు తినువారికి ఉడికిన గ్రుడ్డు పది నిమిషముల పని. పచ్చళ్లు పల్నాటివారికి ప్రాణమని యెఱుగుదుము. కాని హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో ప్రకటించిన ఆహారసూత్రములలో దినమునకు ఉప్పు అయిదు గ్రాములు మించరాదని హెచ్చరించిరి. పచ్చడి నంజుకొనునది గాని కూరవలె కలుపుకొనునది కాదు. ఒకమాఱు కాగిన నూనెను మరల మరల కాచుట మానవలయును. మధుమేహమున్నవారు జొన్నయని చెప్పి కడుపునిండ కంటె నెక్కువ తినరాదు. జొన్నయు పిండిపదార్థమే, కొలతయే మందు.

ఇది యంతయు వ్రాసి మేము కలము దింపినచో, ఆనాటి వైద్యునివలెనే మేమును పథ్యమును వేఱొకరి కొంగున కట్టినవారమగుదుము. నానవేయుట యెవరు? ఆకు తుంచుట యెవరు? గిన్నెలు తోముట యెవరు? 2019లో భారత ప్రభుత్వము జరిపిన కాలవినియోగ పరిశీలన ఈ లెక్క తేల్చినది. జీతము లేని ఇంటిపనిలో పాల్గొను స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములు దానికి వెచ్చించుచున్నారు. పురుషులు 97 నిమిషములు. అదియును ఆ పనిలో చేయివేయు పురుషులు నూటికి 26 మందే. స్త్రీలు 81 మంది. తక్కిన 74 మంది పురుషులకు లెక్కింపదగిన నిమిషమే లేదు. అయిదు గంటల పని ఒకరి నెత్తిపై నుంచి “తీరిక లేదు” అని అందఱమును కలిసి విలపించుట వింత కాదా?

1999లో దీపము పథకము వచ్చి పల్లెయింట గ్యాసుపొయ్యి వెలిగినది. స్త్రీల కన్నులకు పొగ తగ్గినది. మహోపకారమే. కాని పొయ్యి మారినదిగాని పొయ్యి ముందు నిలుచువారు మారలేదు. కుక్కరు వచ్చెను, మిక్సీ వచ్చెను; పురుషుని చేయి మాత్రము ఇంకను రాలేదు.

పల్నాటివారికి ఈ విషయమున పరాయి దేశపు బోధలు అక్కఱలేదు. పండ్రెండవ శతాబ్దమున మాచర్ల రాజ్యమునకు మూలస్తంభమైన బ్రహ్మనాయుడు, లోకము దూరముగా నుంచిన కులమున పుట్టిన కన్నమదాసును పుత్రునిగా చేకొని, సకల కులములవారిని ఒక్క చాపపై కూర్చుండబెట్టి కుడిపించెనని వీరగాథ చాటుచున్నది. అదియే చాపకూడు. నేటికిని కారెంపూడిలో కార్తీక అమావాస్యతో మొదలగు వీరారాధనోత్సవములలో చాపకూడు జరుగుచున్నది. దానిని తలచి పల్నాటివారు గర్వింతురు, గర్వింపదగినదే. కాని ఎన్ని యిండ్లలో నేటికిని ఇల్లాలికి ఆ చాపపై చోటున్నది? అందఱు తినిలేచిన పిమ్మట కుండ అడుగున మిగిలిన మెతుకులతో, పప్పుగిన్నె కడుగు నీటితో ఆమె భోజనము ముగియుచున్నది. కూరలోని ఆకు, పప్పులోని పప్పు పైవారికి పోయినవి. నూటికి 57 మంది స్త్రీలలో నెత్తురు లేదన్న లెక్కకు కారణములు పెక్కులున్నను, ఈ ఆఖరి పంక్తియు అందొకటి యని మేము నిశ్చయముగా నమ్ముచున్నాము. కులము కొఱకు చాప పఱచినవాని సీమలో ఇంటి ఆడుబిడ్డకు చాప లేకపోవుట అతని స్మృతికి తగదు.

కనుక మేము కోరునది రెండు. మొదటిది, పూటకొక్కమాఱైనను ఇంటిల్లిపాదియు ఒకే వేళ, ఒకే పంక్తిలో కూర్చుండి, ఉన్నదానిని సమముగా పంచుకొని తినుట. రెండవది, చాపకూడు పంక్తితో ఆగక వంటయింటికి పోవుట. ఇంట ఎవరెవరు తినుచున్నారో వారందఱును ఏదో యొక పని చేయవలయును. రాత్రి పిండి నానవేయుట పురుషుని పని యని నిర్ణయింపుడు. ఆకుకూర తుంచుట బిడ్డల పని. అది మగబిడ్డయైనను, ఆడుబిడ్డయైనను ఒక్కటే. గిన్నెలు తోముట వంతులవారీగా సాగవలయును. అరగంటవంట నలుగురు పంచుకొన్న నలుగురికిని తీరికయే. ఒక్కరిపై మోపిన ఆ యొక్కరికిని ఓపిక యుండదు, తక్కిన మువ్వురికిని ఆరోగ్యముండదు.

మా పాఠకులలో భూస్వాములు పెక్కుమంది కలరు. వారికి మఱియొక విన్నపము. మీ మిరపచేలలో కోతకు వచ్చు స్త్రీ మీకొఱకు సూర్యోదయమునకు పూర్వమే తన యింటి పొయ్యి చల్లార్చి వచ్చుచున్నది. పూర్వము కూలిజనమునకు పొలమున అంబలి పోయు ఆచారము పెక్కుచోట్ల నుండెను. కూలి సొమ్ములో దానిని తగ్గింపక ఆ ఆచారమును మరల నిలిపినచో మీ సొమ్ము తఱగిపోదు. ఆమెకొక పూట వంట తప్పును. మీ మెట్టలో ఎకరమో అరయెకరమో ఇంటి తిండికై జొన్న, కంది కలిపి విత్తుడు. మీ పిల్లలకును అదియే పెట్టుడు. అప్పుడే అది పేదకూడను చిన్నచూపు తొలగును. భారతదేశపు ప్రతిపాదనపై ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్య సంవత్సరముగా జరిపినది. ఆ యేటనే మన రాష్ట్రపు బడులలో రాగిజావ ప్రవేశపెట్టబడినది. సర్కారు బడిలో సాధ్యమైనది సంపన్నుని యింట అసాధ్యమగునా?

మా మాట కడపట చెప్పి ముగింతుము. ఈ మూడేండ్లుగా రాత్రి జొన్నపిండి నానవేయుట, ఉదయము అంబలి కాచుట మా వంతు. తొలినాళ్లలో అది అడుగంటినది, ఉండలు కట్టినది, ఒకనాడు ఉప్పు మఱచితిమి, మఱునాడు రెండుమాఱులు వేసితిమి. ఇంటివారు నవ్విరి, కాని త్రాగిరి. ఇప్పుడు చేయి కుదిరినది. మా రక్తమున చక్కెర కొంత దిగినదని వైద్యుడు సంతసించిరి. అది అంబలి మహిమయో, మందు మహిమయో, నడక మహిమయో మేము వాదింపము. మా యింట ఉదయమున ఒకరు అరగంట అధికముగా నిద్రించుచున్నారు. మేము లెక్కించు లాభము అదియే.

బ్రహ్మనాయుడు చాప పఱచి యెనిమిది వందల యేండ్లు దాటినవి. అది పంక్తి వఱకు వచ్చి నిలిచియున్నది. పల్నాటి సోదరులారా, దానిని మఱి నాలుగడుగులు లోనికి ఈడ్చి పొయ్యి ప్రక్కన పఱువుడు!